వీపు కొలత

హాల్డ్‌మియర్ ప్రభువుగారిని
మీరంతా ముందు నుంచి చూసినవాళ్ళు.
పత్రికల్లో ఆ ముక్కు, ఆ సన్నటి మీసం, పతకాల వరస.
నేను లండన్‌లో దర్జీని.
యాభయ్యొక్క ఏళ్ళు నేను చూసింది ఆయన వీపు.

మొదటిసారి వచ్చినప్పుడు ఇరవై మూడేళ్ళు.
తండ్రి పోయి పదకొండు రోజులు.
భూములూ, అప్పులూ,
ఎగువసభలో ఎర్రతోలు బెంచీ మీద చోటూ
ఒక్కపూటలో నెత్తిన పడ్డ కుర్రాడు.
భుజానికీ భుజానికీ పద్దెనిమిదిన్నర అంగుళాలు.
ఎడమది అర అంగుళం కిందికి.
చిన్నప్పుడు గుర్రం మీంచి పడ్డారట.
"ఎవరికీ కనపడకూడదు" అన్నారు.
లోపల మెత్త కుట్టాను.
ఎవరికీ కనపడలేదు.

రాజకీయాలు నాకేం తెలుసు,
ఎవరు బాకీ తీరుస్తారో, ఎవరు ముందే ఓడిపోతారో, అంతవరకే.
ఆయన పార్టీ విప్ అయ్యారు.
లోపలి జేబు ఇంకో అంగుళం లోతుగా కావాలన్నారు,
పేర్ల చిట్టా నలక్కుండా పట్టేలా.

ఆ శీతాకాలమే లయనెల్ డెల్లో గారు
మంత్రి పదవికని కోటు పురమాయించారు.
ఇద్దరిదీ ఒకే బడి, ఒకే పడవ, ఒకే దర్జీ.
డెల్లో గారికి రెండో కొలత గురువారం.
బుధవారం రాత్రి ఓట్లు లెక్కపెట్టారు.
నలుగురు అటు నుంచి ఇటు.
గురువారం ఎవరూ రాలేదు.
కోటు కొయ్యబొమ్మ మీదే ఉండిపోయింది,
వీపు నిండా నా సుద్దగీతలతో.
గుడ్డంతా తడిమి చూశాను, ఎక్కడా చిల్లు లేదు.
వెన్నుపోటుకి చిల్లు పడదని
సూది పట్టుకు బతికే నాకు
ఆ రోజే తెలిసింది.

వసంతానికల్లా ఆయనకు ప్యాలెస్‌లో కొలువు.
నల్ల కోటు, మోకాళ్ళ దగ్గర ఆగే లాగు, పట్టు మేజోళ్ళు,
నడుము దగ్గర బంగారు తాళంచెవి, ఏ తలుపుకీ పట్టదట.
చేతిలో తెల్ల కర్ర.
విందుకి వచ్చే రాజుగారి ముందు
వెనక్కి, వెనక్కి నడవాలి.
పన్నెండు మెట్లు, తివాచీ మడత,
దారిలో పడుకునే ఒక ముసలి కుక్క.
కళ్ళు రాజు మీద, చూపంతా మడమల్లో.

దుకాణం మూశాక మా దగ్గరే సాధన చేశారు.
నేనే రాజుని, మెడలో టేపుతో.
"కుడికి ప్రభూ, కత్తెర బల్ల" అంటూ
గుడ్డ తానుల మధ్య ఆయన్ని తోలాను.
ఇద్దరం నవ్వాం. నవ్వడం ఆ ఒక్కసారే.
ఎందుకంటే అలా వెనక్కి వస్తూ వస్తూ
డెల్లో కోటుకి వీపు ఆనించారు.
"ఎవరిదిది?"
కాలరు లోపల పేరుంది.
ఆయన చూడలేదు. నేను చెప్పలేదు.
మర్నాడు చెక్కు వచ్చింది,
సరిగ్గా ఆ కోటు వెల,
ఒక్క మాటైనా లేకుండా.

యుద్ధంలో వెన్ను చూపితే పిరికివాడు,
ప్యాలెస్‌లో వీపు చూపితే మర్యాద తెలియనివాడు.
ఆయన ఇరవయ్యారేళ్ళు ఒక్క మెట్టూ తప్పలేదంటారు.
నా కొలతల పుస్తకం మాత్రం
పద్దెనిమిది, పదిహేడుంపావు అని
కిందికి దిగుతూ వచ్చింది.

రాజుగారు పోయాక
శవపేటిక ముందు ఆ తెల్ల కర్ర విరిచారు.
తర్వాత అందరిలాగే తిరిగి
ముందుకు నడిచారు,
అప్పుడే నడక నేర్చినవాడిలా.

చివరిసారి నన్నే ష్రాప్‌షైర్ రమ్మన్నారు.
నలభై గదుల ఇంట్లో ఒక్క గదికే వెచ్చదనం.
ఇంట్లో వేసుకోను ఒక ఉన్ని కోటు కావాలట.
"తిరగండి ప్రభూ."
తిరగలేదు.
"డెల్లో ఉన్నాడా?"
"న్యూజిలాండ్‌లో పోయారని విన్నాను."
అప్పుడు తిరిగారు, నెమ్మదిగా,
వాన పడుతున్న కిటికీ వైపు.

టేపు పెట్టాను. పదహారున్నర.
కుడి భుజం కూడా జారింది,
రెండూ సమానమయ్యాయి.
"ఇక మెత్త అక్కర్లేదు ప్రభూ" అన్నాను.

"ఉండనీ" అన్నారు.